అరటితోటలలో వెర్రితల తెగులు: ఊరంతయు కలిసి చేయవలసిన పని

అరటితోటలు గల సభ్యులు కొందఱు తోటనుండి ఆకులు కోసికొని వచ్చి మమ్ములనడుగు ప్రశ్న యొక్కటియే: "అయ్యా, దీనికేమి మందు కొట్టవలెను?" ఆ యాకులు పొట్టివై, కురుచ కాడలు కలవై, అంచులు పసుపెక్కి, చేతితో మడిచినంతనే అప్పడమువలె విఱుగుచుండును. చెట్టు తల విచ్చుకొనక, ఆకులన్నియు ఒక్కచోట గుబురుగా నిక్కి నిలిచియుండును. దీనినే వెర్రితల తెగులనియు, దొరల భాషలో బంచీటాప్ అనియు పిలుచుచున్నారు. దీనికి మందు లేదు. ఒకసారి తెగులు సోకిన చెట్టును మఱల ఆరోగ్యమునకు తెచ్చు ద్రవ్యము అంగడిలోని ఏ సీసాలోను, ఏ పొట్లములోను నేటివఱకు లేదు. ఈ మాట విన్న రైతు చిన్నబోవుట సహజమే. కాని మందులేని తెగులు వేఱు, ఉపాయములేని తెగులు వేఱు. దీనికి ఉపాయము కలదు. అది ఒక్క రైతు ఒంటిగా చేసిన ఫలింపదు. ఊరిలోని అరటిరైతులందఱును కూడి చేసిన తప్పక ఫలించును. అందువలననే సంఘపత్రికలో దీనినిగూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఈ తెగులునకు కారణము బూజు కాదు, పురుగు కాదు, భూమిలోని లోపము కాదు. వైరస్ అను అతిసూక్ష్మకణము. మామూలు సూక్ష్మదర్శినితో చూచినను అది కానరాదు. ఒక్క మిల్లీమీటరు పొడవున ఇట్టి కణములను వరుసగా పేర్చిన 50,000 వఱకు పట్టును. ఇది సజీవమైన మొక్కలోనే బ్రదుకును. ఆకులలో తయారైన ఆహారరసమును చెట్టంతటికి కొనిపోవు సన్నని నాళములలో కాపురముండును. కావున ఒక ఆకున సోకిన విషము రసముతోపాటు బోదెలోనికి, బోదెనుండి దుంపలోనికి, దుంపనుండి దానికి పుట్టిన ప్రతి పిలకకును ప్రాకిపోవును. ఈ ఒక్క సంగతి మనస్సున నాటినయెడల తక్కిన పనులన్నియు తమంతట తోచును. తెగులు కనబడిన ఆకును కోసిన లాభములేదు. ఆ బోదెను నఱికిన లాభములేదు. తల్లిని తీసి పిలకలనుంచిన అంతకంటె లాభములేదు. దుబ్బంతయు ఒక్క రోగియే.

ఇది తోటలోనికి వచ్చు ద్వారములు రెండే. మొదటిది మనము స్వయముగా మోసికొని వచ్చి నాటుకొను పిలక. రెండవది నల్లని పేనుబంక. గాలివలన, నీటివలన, మట్టివలన ఇది వ్యాపింపదు. తెగులుచెట్టును కోసిన కత్తి మంచిచెట్టునకు తగిలినను సోకదు. కొందఱు రైతులు కత్తులు కాల్చి కాల్చి అలసిపోయి, పిలకలను మాత్రము ఎక్కడివో విచారింపక తెచ్చి నాటుచుందురు. ఇది ముందరి తలుపు గడియవేసి పెరటి తలుపు తెఱచియుంచుటవంటిది.

కత్తిచే వ్యాపించు వైరస్‌లు లేకపోలేదు. చలిదేశములలో హోస్టా అను నీడమొక్కను ఆకుల అందముకొఱకు పెంచుదురు. దానినికూడ మన అరటివలెనే దుబ్బు చీల్చి నాటుకొందురు. దానికి సోకు ఒక వైరస్‌ను అమెరికాలోని మిన్నెసోటాలో 1996లో గుర్తించిరి. అది చీల్చు కత్తికి అంటిన రసముతోనే ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు పోవును. విచిత్రమేమన, ఆ తెగులు సోకిన ఆకులపై ఏర్పడు మచ్చలను చూచి క్రొత్త అందమని భ్రమించి, 'బ్రేక్‌డాన్స్', 'లెపర్డ్ ఫ్రాగ్' మొదలగు పేర్లుపెట్టి క్రొత్త రకములుగా అమ్మిరి. అవి రోగచిహ్నములని పిమ్మట తెలిసినది. విత్తనమున గాక పిలకవలనను ముక్కవలనను పెంచు మొక్కలన్నింటికిని ఈ యపాయము కలదు. తల్లికున్న రోగము పంచిపెట్టిన ప్రతివాని యింటికిని చేరును.

మన పల్లెలలో పిలకలు కొనుట తక్కువ, అడిగి తెచ్చుకొనుట ఎక్కువ. "బావా, మీ చక్కెరకేళి బాగున్నది, నాలుగు పిలకలిమ్ము" అనిన కాదనువాడెవడు? కూతురు అత్తవారింటికి పోవునప్పుడు సారెతోపాటు బండిలో రెండు పిలకలు వేయుటయు కలదు. ఈ ఆచారము మంచిదే. కోనసీమలో చక్కెరకేళి, అమృతపాణి, బొంత మొదలగు రకములు ఇట్లే ఊరూరికి చేరినవి. కాని ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కసారి ఆ తల్లిదుబ్బు ఆకులను వెలుతురునకు ఎత్తి చూచుట అవసరము. తెగులు సోకిన దుబ్బు పిలక మొదట కొన్నిదినములు మంచిదానివలెనే కనబడవచ్చును. దానిని చూచి తీర్పు చెప్పరాదు. తల్లిని చూచి చెప్పవలయును.

ఇక పేనుబంక సంగతి. ఇది గోధుమనలుపు రంగు గల చిన్న పురుగు. బోదె మొదట ఎండిన మట్టల క్రింద, మొవ్వలో చుట్టుకొనియున్న లేతాకు సందులలో, లేతపిలకల మెడలలో గుంపులుగానుండి రసము పీల్చును. వీనిలో మగవానితో పనిలేదు. ఆడుపురుగే గ్రుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కనుచుండును. కనుకనే కొలది వారములలో పది పురుగులు వేలగును. గుంపు క్రిక్కిఱిసినపుడు రెక్కలుగల పురుగులు పుట్టి ప్రక్కచెట్లకు ఎగిరిపోవును. ఇవి విసర్జించు తీపిరసమునకై చీమలు చేరి వీనిని కాపాడుచుండును. బోదెపై చీమలబారు ఎక్కుచు దిగుచున్నయెడల పై మట్ట లేపి చూడుడు. తఱచు క్రింద ఈ నల్లపేలు కనబడును.

ఈ పురుగు తెగులుచెట్టుపై కనీసము నాలుగు గంటలు రసము పీల్చిన విషము దానిలోనికి చేరును. ఆపైన మంచిచెట్టుపై వ్రాలి కొంతసేపు పీల్చిన చాలును, విషము అంటించును. ఆ శక్తి దానికి బ్రదికినన్నాళ్లును ఉండును. కాని మనకు మేలైన సంగతి యొకటి కలదు: ఆ విషము తల్లిపురుగునుండి దాని పిల్లలకు సంక్రమింపదు. ప్రతి పురుగును తెగులుచెట్టుపై తానే పీల్చి విషము సంపాదింపవలసినదే. తోటలో తెగులుచెట్టు లేకున్న పేనుబంక యెంతయున్నను ఈ తెగులు పుట్టింపలేదు. పురుగును ఊరినుండి సమూలముగా పోగొట్టుట మన చేతిలో లేదు. తెగులుచెట్టును పోగొట్టుట మన చేతిలోనున్నది.

ఎంతదూరము పోవునని రైతులడుగుచుందురు. ఆస్ట్రేలియాలో తోటలను ఏండ్లతరబడి కొలిచి చూచిన శాస్త్రజ్ఞులు తేల్చిన లెక్క యిది: క్రొత్తగా సోకిన చెట్లలో మూడింట రెండువంతులు పాత తెగులుచెట్టునకు 20 మీటర్ల లోపలనే యుండును, నూటికి 99 చెట్లు 86 మీటర్ల లోపల నుండును. దీనిని మన తోటకు అన్వయించి చూతము. రెండు మీటర్ల యెడమున నాటిన ఎకరమునకు సుమారు 1000 మొక్కలు పట్టును. ఒక తెగులుదుబ్బు చుట్టు 20 మీటర్ల వ్యాసార్ధముతో వలయము గీసిన అందు సుమారు 300 మొక్కలు పడును. 86 మీటర్ల చుట్టు గీసితిమా, అది దాదాపు ఐదుముప్పాతిక ఎకరముల మేర. ఎకరము కమతము నలుచదరముగానున్న నడుమనుండి గట్టునకు 32 మీటర్లే. అనగా చిన్నరైతు తోట నట్టనడుమ మొలిచిన తెగులుదుబ్బు కూడ నాలుగుదిక్కుల నలుగురి తోటలను తాకుచున్నదన్నమాట. అది పట్టాదారు పుస్తకమున ఒక్కని భూమిలోనున్నను, దాని రోగము ఆ గట్టులోపల నిలువదు. మన సంఘము ఈ విషయమున జోక్యము చేసికొనవలెనని మేమనుటకు కారణమిదియే.

ఈ మాటకు సాక్ష్యము చరిత్రలోనే యున్నది. ఈ తెగులును మొట్టమొదట ఫిజీ దీవులలో 1889లో వ్రాతకెక్కించిరి. ఆ దీవుల అరటివ్యాపారము అప్పుడు మంచి ఊపుమీదనుండెను. 1892లో ఏడులక్షల ఎనుబదివేలకు పైగా గెలలు ఎగుమతి చేసినవారు, 1895 నాటికి లక్షపైచిలుకు గెలలకు దిగిరి. అచటినుండి 1913లో కొనిపోయిన పిలకలతో తెగులు ఆస్ట్రేలియా చేరెనని భావించుచున్నారు. పదిపండ్రెండేండ్లు గడచునప్పటికి ఆ దేశపు తూర్పుతీరమున కొన్ని సీమలలో తోటలు నూటికి 90 పాళ్లకు పైగా పాడుబడెను. రైతులు తోటలు విడిచి లేచిపోయిరి. విడిచిపోయిన తోటలలో తెగులుదుబ్బులు నిరాటంకముగా పెరిగి, ఉన్నవారి తోటలను కూడ చెఱిచినవి.

1924లో అచటి ప్రభుత్వములు ఒక విచారణసంఘమును నియమించెను. ఆ పనిలో చేరిన మాగీ యను యువశాస్త్రజ్ఞుడు ఈ తెగులు వైరస్‌వలన కలుగుననియు, పేనుబంకయే దానిని మోయుననియు, తెగులుపిలకలే దానిని దేశమంతట పంచుననియు ఋజువుచేసి 1927లో ప్రకటించెను. వారు కనిపెట్టిన చికిత్స నేటికిని మాఱలేదు. తెగులుదుబ్బు కనబడిన వెంటనే నాశనముచేయుట, మంచిదని పరీక్షింపని పిలకను కదలింపకుండుట, తోటలను తఱచు తనిఖీచేయుట, విడిచిన తోటలను ఉండనీయకుండుట. అయితే వీనిని రైతుల యిష్టమునకు విడువక చట్టముగా చేసిరి. కొలది సంవత్సరములలో ఆ సీమలలో తోటలు మఱల లేచినవి. ఆ దేశమున అరటి అత్యధికముగా పండు ఉత్తర క్వీన్స్‌లాండున ఈ తెగులు నూఱేండ్లు దాటినను అడుగుపెట్టలేదు. వారికి దొరికిన మందు మనకు దొరకనిదేమియు కాదు. వారికున్నది కట్టుబాటు.

మన దేశమునకు ఇది సింహళమునుండి వచ్చినదని పెద్దల నిర్ణయము. 1940లో తిరువాన్కూరు ప్రాంతమున మొదట కనబడెను. పిమ్మట తమిళదేశమునకు ప్రాకినది. పళని దేవాలయమున పంచామృతమునకు వాడు విరూపాక్షి అరటి దిగువ పళని కొండలలో వేలకొలది ఎకరములలో పండెడిది. 1970 తరువాత ఈ తెగులువలన ఆ తోటలు పెక్కు అంతరించినవి. కొండజాతి యగుటచే దానిని ఏటేట పెఱికి నాటక, ఒక్కచోటనే ఏండ్లకొలది పిలకలపై సాగించుట వాడుక. అందువలన తెగులు సోకిన దుబ్బు ఏండ్లకొలది అక్కడనే నిలిచి చుట్టును పంచినది. ఆంధ్రదేశమున గోదావరి లంకలనుండి కడప, అనంతపురముల వఱకు అరటి విస్తారముగా పెరుగుచున్నది. లారీలలో పిలకలు జిల్లాలు దాటుచున్నవి. కాన పళని కొండల సంగతి మనకు దూరపు కథ కాదు.

తెగులును తొలిదశలో గుర్తించు నేర్పు ఇంటింట ఒక్కరికైనను ఉండవలయును. తల గుబురైన తరువాత ఎవరైనను గుర్తింతురు. అప్పటికి ఆ దుబ్బు ఎన్ని దుబ్బులకు పంచినదో లెక్కలేదు. తొలిగుఱుతు ఆకు వెనుకప్రక్కన కనబడును. ప్రొద్దుట ఎండ యేటవాలుగా పడువేళ, క్రొత్తగా విచ్చుకొన్న ఆకును సూర్యునివైపు ఎత్తి అడుగునుండి చూడుడు. నడుమ ఈనెనుండి అంచునకు పోవు సన్ననీనెలపై ముదురాకుపచ్చని చిన్నచిన్న చుక్కలును గీతలును తెగితెగి కనబడును. పూర్వము తంతి ఆఫీసులో టకటకమని కొట్టెడి చుక్కలు గీతలు ఎట్లుండునో అట్లుండును. ఆ గీతలు నడుమ ఈనె యొద్దకు వచ్చి కొక్కెమువలె క్రిందికి వంగి దానిలో కలియును. ఆకుకాడ వెనుకను, బోదెపైనను ఇట్టి ముదురుపచ్చని చారలే కనబడును. వ్రేలితో తెల్లని బూడిదపొర తుడిచి చూచిన ఇంకను స్పష్టముగా తెలియును. ఈ గీతలున్నచో మఱి సందేహములేదు. పిమ్మట వచ్చు ప్రతి ఆకును ముందుదానికంటె పొట్టిదై, సన్ననిదై, నిటారుగా నిలుచును.

పిలకనుండియే తెగులు తెచ్చుకొన్న మొక్క మొదటినుండి గిడసబారి, మోకాలెత్తు దాటక నిలిచిపోవును, గెల వేయదు. ఎదిగిన చెట్టునకు సోకిన గెల గొంతులో ఇఱుకుకొనును, లేక వంకరపోయిన చిన్న కాయలతో వచ్చును. గెల వేయువేళ సోకినచో కాయలు బాగుగనే యుండి, పువ్వు దొప్పల కొనలపై మాత్రము పచ్చని గీతలు కనబడును. ఇట్టి చెట్టు రైతును నమ్మించి మోసగించును. గెల బాగున్నదని పిలకలనుంచును. మఱుసటేడు పిలకలన్నియు వెర్రితలలే.

దీనిని బోలిన లక్షణములు మఱికొన్ని కలవు. నీరు చాలకున్నను, చలి హెచ్చినను ఆకులు గొంతున దగ్గఱపడవచ్చును. నీరు పాఱినపుడును, చలి తగ్గినపుడును మఱల విచ్చుకొనును. మొజాయిక్ అను వేఱొక వైరస్‌తెగులున చారలు లేతపసుపుగానుండునుగాని ముదురుపచ్చగానుండవు. కలుపుమందు గాలికి కొట్టుకొనివచ్చి పడినను ఆకులు సన్నగిల్లును. వీనియందెందును ఆ తెగినగీతలుండవు. సందేహమున్నయెడల ఉద్యానశాఖవారికి చూపుడు. గోదావరి తీరమున కొవ్వూరులో అరటికై పరిశోధనస్థానము చిరకాలమునుండి పనిచేయుచున్నది.

తెగులు నిశ్చయమైన పిమ్మట చేయు పనిలో తొందర యెంత యవసరమో క్రమమును అంతయవసరము. మొదట గునపము పట్టరాదు. దుబ్బును కదల్చిన పేనుబంక చెదిరి ప్రక్కచెట్లకు పోవును. మనమే విషమును పంచినవారమగుదుము. ముందు పురుగును ఉన్నచోటనే చంపవలయును. పూర్వము మొవ్వలోనికి పావులీటరు కిరసనాయిలు పోసి, పిలకల మెడలను తడిపి, కొంతసేపు విడిచెడివారు. నేడు కిరసనాయిలు దొరకుట అరుదైనది. చిక్కని సబ్బునీరైనను, ఆ కాలమునకు అరటిపై వాడుటకు ప్రభుత్వానుమతి గల పురుగుమందైనను మొవ్వలోను, మట్టల సందులలోను, మొదటను బాగుగ తడియునట్లు కొట్టవలయును. మందుల అనుమతులు ఏటేట మాఱుచున్నవి; అంగడివాని మాటగాక వ్యవసాయాధికారి మాట తీసికొనుడు.

పేలు చచ్చిన తరువాత దుబ్బును తల్లి, పిలకలు, దుంపతో సమూలముగా త్రవ్వితీసి, దుంపను చిన్నచిన్న ముక్కలుగా నఱికి ఎండనీయవలయును. గుప్పెడంత ముక్క కన్నుతో మిగిలినను మఱల మొలుచును. ఆ ముక్కలను గట్టుపైకి ఈడ్చి పారవేయుట, కాలువలో విసరుట రెండును తప్పే. కాలువలో విసరినది దిగువరైతు గట్టున మొలుచును. రెండు మూడు వారములకొకసారి ఆ గుంటను చూచుచు మొలక కనబడిన తీసివేయుడు. మట్టిలో విషము నిలువదు కనుక మొలకలు లేవని నిశ్చయమైన పిమ్మట అక్కడనే మంచిమొక్క నాటుకొనవచ్చును. చుట్టుపట్ల చెట్లను మాత్రము కొన్నినెలలు విడువక కనిపెట్టవలయును. సోకిన చెట్టునకు లక్షణము కనబడుటకు వేసవిలో సుమారు నెల, చలికాలమున రెండుమూడు నెలలును పట్టును. నేడు మంచిదని తోచిన చెట్టు రేపు బయటపడవచ్చును.

ఇచటనే రైతు మనస్సు వెనుకాడును. "గెల వేసినది, ఈ ఒక్క గెల దిగనిండు" అనును. క్రైస్తవ వేదమున గోధుమచేలో గురుగులు మొలిచిన కథ యొకటి కలదు. కోతకాలమువఱకు రెండింటిని కలిసియే ఎదగనిమ్మని అందు యజమానుడు పనివారలను వారించును. ఆ కథ వేఱొక యర్థమునకై చెప్పబడినది. దానిని అరటితోటకు అన్వయించుకొన్న రైతునకు కోతకు ఏమియు మిగులదు. గెల పక్వమైయున్న ఆనాడే కోసికొని ఆనాడే దుబ్బు తీయుడు. ఆ పండు తినుటవలన మనుష్యులకు హానిలేదు. గెల లేతగానున్న దానిపై ఆశ విడువుడు. ఎకరమునకు వేయి దుబ్బులలో పది తీసిన పోవునది నూటికొకపాలు. పదింటిని దాచిన రాబోవు పిలకపంట యంతయు సందేహమే.

కౌలురైతు బాధ వేఱు. వానికి ఒక్క యేటి తోటయే ఆధారము. కౌలు ముందే చెల్లించియుండును. పీకిన ప్రతి దుబ్బును వాని పెట్టుబడిలోనుండి పోవును. అట్టివానితో "ఊరి మేలుకొఱకు పీకుము" అని ఊరక చెప్పుట న్యాయము కాదు. ఊరి మేలు ఊరు భరింపవలయును. సంఘసభ్యులు ఎకరమునకింతయని స్వల్పమొత్తము వేసికొని ఒక నిధి నేర్పఱచి, తెగులుదుబ్బు తీసిన ప్రతివానికి దుబ్బు లెక్కన కొంత సొమ్మో, మంచిమొక్కో ఇచ్చుట మాకు తోచిన మార్గము. అప్పుడు రైతు తెగులును దాచడు. తానే వచ్చి చెప్పును. దాచుటయే ఈ తెగులునకు ఎరువు.

మంచిమొక్క యనగా నేది? నేడు టిష్యూకల్చరు మొక్కలు విరివిగా దొరకుచున్నవి. రాయలసీమలో గ్రాండ్ నైన్ తోటలు పెక్కు వానితోనే పెట్టిరి. సీసాలో పెరిగినది కనుక రోగరహితమని పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకము సగమే నిజము. తల్లిమొక్క వైరస్ లేనిదని పరీక్షించి ఎన్నుకొనినప్పుడే దాని సంతతి శుద్ధము. తల్లికి తెగులున్నచో ప్రయోగశాల ఆ తెగులును వేలమొక్కలలో పంచిపెట్టును. పిలక పదిమందికి పంచునది, సీసా పదివేలమందికి పంచును. ఈ భయమువలననే కేంద్రప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖవారు 2006లో టిష్యూకల్చరు మొక్కలకు ధ్రువీకరణపద్ధతి నేర్పఱచిరి. తల్లిమొక్కలను వైరస్‌లకు పరీక్షించి, అంగీకృతములైన ప్రయోగశాలల మొక్కలకు ధ్రువపత్రమిత్తురు. మొక్కలు కొనువారు ఆ పత్రమును అడిగి చూడవలయును. ఒంటరి రైతు అడిగిన అమ్మకపువాడు నవ్వి ఊరకుండవచ్చును. సంఘము నూఱెకరములకు ఒక్కసారి కొనుచు అడిగినయెడల చూపక తప్పదు. తిరుచిరాపల్లిలో 1993లో స్థాపింపబడిన జాతీయ అరటి పరిశోధనకేంద్రమున ఆకులను వైరస్‌లకు పరీక్షించు సాధనములు కలవు.

శుద్ధమైన మొక్కయు తెగులుతోట ప్రక్కన నాటిన శుద్ధముగా నిలువదని మఱువరాదు. టీకా వేసినట్లు అది తెగులును తట్టుకొనునని కొందఱనుకొనుచున్నారు. అది లేత మొక్క, పేనుబంకకు మిక్కిలి ప్రియము. ఏ జాతి అరటియు ఈ తెగులును పూర్తిగా తట్టుకొనదు. కనుక మొక్కలు వచ్చుటకు ముందుగనే చుట్టుపట్ల తెగులుదుబ్బులు తీయింపవలయును. పెరటిలో పూజకై పెంచు నాలుగు దుబ్బులు, గుడితోటలోనివి, కాలువగట్టున తమంతట మొలిచినవి, పట్టణమున కాపురముండు యజమానుని పాడుతోట, వీనినిగూడ లెక్కలోనికి తీసికొనవలయును. పాడుతోటయే అన్నింటికంటె ప్రమాదము. తోటలో నాలుగవవంతు సోకినచో ఒక్కొక్కటి ఏరుటకంటె తోటంతయు తీసి, ఒక పైరుకాలము వరియో అపరాలో వేసికొనుట మేలు.

సంఘములు చేయదగిన పని యిది. అరటి గల ప్రతి సభ్యుని పేరు, తోట విస్తీర్ణము, పిలకలు ఎక్కడినుండి తెచ్చినది ఒక పుస్తకమున వ్రాయుడు. ఇరువురిద్దఱు చొప్పున సభ్యులను వంతులువేసి, పదునైదు దినములకొకసారి ప్రొద్దుటివేళ తోటలన్నియు నడచి చూడనిండు. తన తోటను తానే చూచుకొన్న కన్ను కొంత ఉదాసీనముగానుండును; ప్రక్కవాని కన్ను వాడిగానుండును. అనుమానపు దుబ్బునకు గుడ్డపీలిక కట్టి, రెండుదినములలో తీసినారా లేదా యని మఱల చూడవలయును. ఊరు దాటి వచ్చు పిలకల బండిని సంఘపుగిడ్డంగి యొద్ద ఆపి, తల్లితోట ఏదియో అడిగి, ఆకు చూపమనుడు. చూపలేనివాని పిలకలను ఊరిలోనికి రానీయకుడు. వేసవి చివరను, తొలకరికి ముందు పిలకలకై తిరుగుడు మొదలగును. మొదటి నడక అప్పటికే పూర్తియగుట మంచిది. ఆకుపైని గీతలను ఇంకను చూడనివారు ఎవరైనను తోటలో అనుమానమైన దుబ్బును పీకక ముందు మాకు కబురు పంపినయెడల వచ్చి, ఆ దుబ్బు యొద్దనే ఊరివారందఱికిని చూపెదము.